పెరటి దారిన వచ్చిన మేనత్త

ఎల్లారెడ్డిలో ఎవరింట్లోనైనా ఫ్లష్ ట్యాంకు కారుతోందంటే ముందుగా ఇంటాయన మూత తీసి చూస్తాడు. లోపల చేతికి అందిన దాన్ని పట్టి గుంజుతాడు. అప్పటిదాకా సన్నగా కారేది కాస్తా ధారగా కారడం మొదలవుతుంది. అప్పుడు ఇంటావిడ కళ్యాణిని పిలవమంటుంది. బస్టాండు దగ్గర పైపులు, నల్లాలు అమ్మే దుకాణం నాది. గుంజి విరగ్గొట్టిన ముక్కలన్నీ నా గల్లా ముందుకే వస్తాయి కాబట్టి ఎవరింటి ట్యాంకు సంగతేమిటో ఈ హన్మండ్లుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కళ్యాణి భర్త సతీశ్ ప్లంబర్. కొన్నేళ్లు మస్కట్‌లో పనిచేసి, ఇక ఆ ఎండలు తనవల్ల కాదని వచ్చేసి ఇక్కడే ఉండిపోయాడు. కళ్యాణి బీడీలు చుట్టేది. సాయంత్రం బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, మొగుడు ఎక్కడ పనిలో ఉంటే అక్కడికి వెళ్లి పానాలు అందించేది. పెండ్లాంతో కూడా వెట్టి చేయిస్తున్నావేమిటోయ్ అని నేను ఆటపట్టించేవాణ్ణి. ఇరుకు సందుల్లో తన చెయ్యి పట్టదనీ, ఆమె వేళ్లయితే సులువుగా దూరతాయనీ నవ్వేవాడు. ఒక వానాకాలం కామారెడ్డి నుంచి సామాను తెస్తూ బండి జారి పడ్డాడు, మళ్లీ లేవలేదు. వాళ్లకు పిల్లలు లేరు. కొన్ని నెలలు గడిచాక ఒకరోజు కళ్యాణి అతని సంచి భుజాన వేసుకుని దుకాణానికి వచ్చి వాషర్ అడిగింది. ఎవరింటికని కూడా అడగకుండా చేతిలో పెట్టాను.

పని మాత్రం సతీశ్ కంటే శ్రద్ధగా చేసేది. ముందు నీళ్లు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, లోపల అడుగున రబ్బరు కూర్చునే అంచును గుడ్డతో రుద్ది తుడిచేది. మా బోరు నీళ్లకు అక్కడ సున్నంలా తెల్లగా పేరుకుంటుంది. అది పోకుండా ఎంత మంచి రబ్బరు వేసినా దండగే. నట్టును చేత్తో బిగించి, పానాతో ఇంకొక్క పిసరు తిప్పి వదిలేది. బలం చూపించబోయి పింగాణీ పగలగొట్టే మగధీరుల పని కాదు ఆమెది. తేలే బుడ్డను కాస్త దించి, లోపలి గొట్టం అంచుకు కిందే నీళ్లు ఆగేలా పెట్టేది. శుభ్రం కోసమని ట్యాంకులో బ్లీచింగు గోళీలు వెయ్యొద్దనీ, అవి రబ్బరును తినేస్తాయనీ ప్రతి ఇంట్లో చెప్పేది. వాళ్లు తలూపేవారు, మళ్లీ వేసేవారు, మళ్లీ పిలిచేవారు.

ఆఖరున బట్టలకు పెట్టే నీలిమందు ట్యాంకులో కొన్ని చుక్కలు వేసి, కాసేపు ఎవరినీ ఫ్లష్ కొట్టొద్దని చెప్పి గడప పక్కన కూర్చునేది. కింద కమోడ్‌లోకి నీలం దిగకపోతే పని పూర్తయినట్టు. సతీశ్ బతికున్నప్పుడు ఒకసారి నీలిమందు దొరక్క ఓ ఇంట్లో పసుపు వేశాడు. పసుపును తీసుకెళ్లి పాయఖానాలో కలుపుతావా అని ఆ ఇంటి ముసలమ్మ చీపురు పట్టుకుని వీధి చివరిదాకా తరిమింది. ఆ రోజు నా దుకాణంలోకి దూరి దాక్కున్నాడు మహానుభావుడు.

ఇంత పనిమంతురాలిని జనం పిలిచే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. శుక్రవారం పొద్దున వద్దు. ఎవరైనా ప్రయాణమవుతుంటే వద్దు. ముందు వాకిట్లోంచి అసలే వద్దు. భర్త లేని మనిషి ఎదురైతే కీడట. మా వీధి సుగుణమ్మకు కళ్యాణి అంటే ప్రాణం. పరాయి మగవాణ్ణి బాత్రూంలోకి రానివ్వనని, ఏ చిన్న పని ఉన్నా ఆమెనే పిలిచేది. కొడుకు దుబాయి వెళ్లే రోజున మాత్రం, అప్పటికే వచ్చి ఉన్న కళ్యాణిని కారు కదిలేదాకా ఇంటి వెనక చింతకట్టెల పక్కన కూర్చోబెట్టింది. లోపల ట్యాంకు కారుతూనే ఉంది. కారడానికి అక్కర్లేని ముహూర్తం బాగు చేయడానికెందుకని నేను సుగుణమ్మతో పోట్లాడాను. కళ్యాణి పోట్లాడలేదు. ఆ తర్వాత ఎవరింటికైనా తనే మధ్యాహ్నం దాటాక వెళ్లేది, ఎవరూ చెప్పకముందే పెరటి వైపు నడిచేది. దాన్ని నేను ఓర్పు అనుకున్నాను.

ఆమె అన్న నరేందర్ ఇల్లు నా దుకాణం వెనక వీధిలోనే. అతని కూతురు అనూహ్య కళ్యాణి చేతుల మీద పెరిగింది. తల్లి నిరోష పొద్దంతా చేట ముందు కూర్చుని బీడీలు చుడుతుంటే పిల్ల మేనత్త చంకలో ఉండేది. జ్వరమొస్తే ఆమె ఒళ్లో తప్ప పడుకునేది కాదు. అలాంటి అనూహ్యకు సదాశివనగర్ సంబంధం కుదిరింది. నరేందర్ వాళ్లింట్లో పెండ్లికూతురికి మొదటి పసుపు మేనత్త పెట్టాలి. కళ్యాణికి ఆ హక్కు సతీశ్‌తోనే పోయింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

ఒకరోజు దుకాణంలో రబ్బర్లు ఏరుకుంటూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"అందరి ముందట వద్దన్నా. ఎనుక అర్రలనన్న పిల్ల చెంపకు గింత పసుపు పెట్టనిస్తే సాలు నాకు. ఇంకేం అడగ."

నరేందర్ చెవిలో వేస్తానన్నాను. వద్దని బతిమాలింది. వాళ్లంతట వాళ్లు పిలిస్తేనే పోతానంది.

పిలుపు వచ్చింది. పసుపు దంచే రోజు పొద్దున నరేందర్ చెమటలు కక్కుతూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చుట్టాల కోసమని ఇంటి వెనక కట్టించిన బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు కారి, మిద్దె మీది ట్యాంకు మొత్తం ఖాళీ అయిందట. ఎండాకాలం కావడంతో బోరు కాసిని నీళ్లు పోసి గాలి పీలుస్తోంది. ఇంటినిండా జనం. కామారెడ్డి ప్లంబర్ ఈ రోజు రాలేనన్నాడు. చెల్లెల్ని పిలవమన్నాను. అతను చూపులు దించుకుని, నన్నే ఫోన్ చేసి పెరటి నుంచి రమ్మని చెప్పమన్నాడు. నాలుగు మాటలు కడిగేద్దామనుకున్నాను గానీ, ఆడపిల్ల పెండ్లి చేస్తున్నవాడని ఊరుకున్నాను.

కళ్యాణి వచ్చింది. రోజూ కట్టే పాత చీర కాదు, పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుని, దాని మీద పానాల సంచి వేలాడేసుకుని వచ్చింది. ఏ ఆశతో వచ్చిందో ఆ చీరే చెబుతోంది. నాకు దిగులేసింది. కొత్త రబ్బరు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

మూత తీసి చూస్తే తేలే బుడ్డ సరిగ్గానే ఉంది. అడుగున రబ్బరే గట్టిపడి చెక్కలా తయారైంది. ఏడాదంతా వాడని బాత్రూం, పైగా ఉప్పు నీళ్లు. ఆమె అంచు రుద్దుతుంటే ముందు పందిట్లోంచి రోకళ్ల చప్పుడు, ఆడవాళ్ల పాటలు వినిపించాయి. మధ్యమధ్య చెయ్యి ఆపి వినేది. కొత్త రబ్బరు వేసి, బకెట్టుతో ట్యాంకు నింపి, నీలిమందు కోసం వెతికితే సీసా మూత ఊడి అంతా సంచిలోనే ఒలికిపోయింది. పెరట్లో అంట్లు తోముతున్న మనిషిని, ఏదైనా రంగు కొద్దిగా అడిగి తెమ్మని లోపలికి పంపింది.

తెచ్చింది అనూహ్య. పందిట్లో అంతమంది నుంచి ఎలా తప్పించుకుందో, అప్పుడే దంచిన పసుపు గుప్పిట పట్టుకుని వచ్చింది. "రంగే గద అత్తా కావాల్సింది, గిది ఏసి సూడు" అంది. పెండ్లి పసుపును పాయఖానా ట్యాంకులో వెయ్యమంటున్నానని ఆ పిచ్చిపిల్లకు తోచనే లేదు. మేనత్త అడిగిందని విని చేతికందింది తెచ్చేసింది. కళ్యాణి గబుక్కున బయటికి వచ్చి, ఒక్క రవ్వ కూడా కింద పడకుండా దోసిలి పట్టింది.

పెరట్లో మేం ముగ్గురమే ఉన్నాం. మేనత్త దోసిట్లో పసుపు చూశాక అనూహ్యకు ఏమనిపించిందో, దగ్గరగా జరిగి చెంప చాపింది.

"అమ్మ నిన్ను పిలువది అత్తా. ఈడనే పెట్టు."

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. లోపల మాత్రం సంతోషంతో ఉక్కిరిబిక్కిరి అయ్యాను. పెట్టెయ్యి తల్లీ, ఎవడేమంటాడో నేను చూసుకుంటానని మనసులోనే అన్నాను. ఎంతకీ అలికిడి లేకపోయేసరికి ఇటు తిరిగాను. కళ్యాణి వేలికి పసుపు అద్దుకుని పిల్ల చెంప దాకా తెచ్చి ఆపేసింది. చూస్తుండగానే వేలు వెనక్కి తీసుకుని, దోసిట్లోది మొత్తం అనూహ్య చేతుల్లో తిరిగి పోసింది. మీ అమ్మతో పెట్టించుకో బిడ్డా అని చెప్పి, పోయి పీట మీద కూర్చోమంది. పిల్ల ఏడుస్తూ వెళ్లిపోయింది.

పనిని మాత్రం సగంలో వదల్లేదు. కమోడ్ లోపలి గోడను పొడిగుడ్డతో తుడిచి, పాత పేపరు ముక్క ఆనించి కాసేపు అలాగే పట్టుకుంది. పేపరు తడవలేదు. చేతులు కడుక్కుని, ట్యాంకులో గోళీలు వెయ్యొద్దని వదినకు చెప్పమని నాకు అప్పజెప్పి బయలుదేరింది.

సందు మొదట్లో ఆమెను ఆపి, తిట్టినంత పని చేశాను. పిల్లే నోరు తెరిచి అడిగింది, చూసేవాళ్లు లేరు, ఇంతకంటే ఏం పిలుపు కావాలి, ఊరికి పట్టిన పిచ్చి నీకూ పట్టిందా అన్నాను. ఆమెకు కోపం రాలేదు. మరక పోని వేలిని కొంగుతో మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ నిలబడింది.

"ఊరి కోసం గాదన్నా, నాకే బుగులైంది, పిల్లకేమన్న అయితదని. ఆయన నెత్తి మీద తలంబ్రాలు గీ చేతులతోనే పోసిన గద."

నాకు ఏడుపొచ్చింది. ఊరందరితో పోట్లాడినవాణ్ణి, ఆమెతో ఏమని పోట్లాడను? కళ్యాణి సంచి సర్దుకుని తన ఇల్లున్న కార్ఖానా సందులోకి మళ్లింది. అనూహ్యను సదాశివనగర్ సాగనంపేదాకా ఆ సందు దాటి బయటికి రాలేదు.