గడుల్లో దించిన ముఖం

గోవాడ దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక మా చోడవరం బస్సు ఆగిపోయింది. ఒళ్లో టచ్‌స్క్రీన్ లాప్‌టాప్ తెరిచి, జావాస్క్రిప్ట్ కాన్వాస్ లైబ్రరీతో నేను తయారుచేస్తున్న, బొమ్మలు గీసే పలక ప్రోగ్రాంని పరీక్షిస్తున్నాను. తెర నిండా గడులు. ఏ గడి నొక్కితే ఆ గడి నల్లబడుతుంది. నెల్లాళ్లుగా దాని మీద నేను వేయగలిగింది ఒక వంకర ఇల్లు.

పక్క సీటు పెద్దాయన తొంగిచూశాడు.

"గోడల మీద బొమ్మలేసేవోణ్ణి బాబూ. మేమూ ఇలాగే గడులు కొట్టి, సిన్న ఫొటో సూసి గోడంత బొమ్మ దించేవోళ్లం. ఫ్లెక్సీలొచ్చి పని పోనాది. ఓపాలి ఇలాగియ్యి."

ఇచ్చాను. మొద్దుబారిన వేలితో ఒక్కో గడీ నొక్కుతూ, పది నిమిషాల్లో నవ్వుతున్న ఆడపిల్ల ముఖం దించేశాడు.

"మా గుంట. దాని ఫోనుకి పంపుతావేటి?"

నాకు కుళ్లు పుట్టింది. "ఉండండి, ఇంకా నున్నగా చేస్తాను," అంటూ గడుల సైజు మార్చాను. మారిస్తే బొమ్మంతా చెరిగిపోతుందని నాకు తెలుసు.

ఆయన ఖాళీ గడులకేసి చూశాడు. "మరింక రాదేటి?"

"సేవ్ చేసే కోడ్ ఇంకా రాయలేదండీ," అని నవ్వాను.

ఆయన వేలు లుంగీకి తుడుచుకున్నాడు. "నా బొమ్మల మీద సున్నం కొట్టినోళ్లు సానామంది బాబూ. ఒక్కడూ నవ్వనేదు."

ఇప్పుడా పలక, చెరిపే ముందు 'నిజంగా చెరిపేయమంటారా?' అని అడుగుతుంది. ఎంత మర్యాదో అని అందరూ మెచ్చుకుంటారు. నేను అవునంటాను.