విమానంలో కొబ్బరి బస్తాలు

పోయిన నెలలో మా అక్క మనవరాలి నిశ్చితార్థానికి అమలాపురం వెళ్ళాను. భోజనాలకు ఇంకా పిలుపు రాలేదు, హాల్లో ఎవరూ చూడని టీవీ తన మానాన తాను మోగుతోంది. ఎక్కడో ఉత్తరాదిన ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలిపోయిందనీ, నేర్పే ఆయనా నేర్చుకునే కుర్రాడూ ఇద్దరూ పోయారనీ వార్త. వార్తలు చదివే అమ్మాయి చెప్పడం పూర్తికాకుండానే మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే నాకు అన్నయ్య, కాబోయే వియ్యాలవారి వైపు కుర్చీ జరుపుకుని మొదలుపెట్టాడు. "ఇంజనేనండి. ఈ చిన్న విమానాల్ని నమ్మడానికి లేదండి. మా బావగారూ ఇలాగే పోయేరు. ఆవేళ ఆయనకి మేం చేసిన మర్యాద ఈ చుట్టుపక్కల ఏ అల్లుడికీ జరగలేదండి. ఏం లాభం, ఇంజను దగా చేసేసింది."

వియ్యాలవారు "ఆయ్, ఆయ్" అంటూ తలలూపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. శుభకార్యం కాబట్టి, పక్కగదిలో అక్క ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ నోరు ఇప్పుడు ఇక్కడ తెరుస్తున్నాను.

నా ఈడువాళ్ళు చాలామంది బ్యాంకుల్లోనో బళ్ళలోనో పనిచేసి రిటైరయ్యారు. నేను ఒకే ఇంజనున్న చిన్న విమానాలు నడిపి, తరవాత వాటిని నడపడం పిల్లలకు నేర్పి రిటైరయ్యాను. కాబట్టి ఈ విషయంలో మా అన్నయ్యకంటే నాకు నాలుగు ముక్కలు ఎక్కువే తెలుసు. ఇంజను ఆగిపోవడం ఉంది, లేదనను. కాని ఆగిన మరుక్షణం విమానం రాయిలా పడిపోదు, రెక్కల మీద జారుతూ వస్తుంది, బుర్ర స్థిమితంగా ఉన్నవాడు ఏ పొలంలోనో దింపుకుని, బట్టలకు అంటిన బురద దులుపుకుని నడిచి వస్తాడు. ప్రాణాలు తీసేవి వేరే ఉన్నాయి. టాంకులో పెట్రోలు తన కళ్ళతో చూసుకోకుండా ఎవరో ఉందంటే నమ్మి ఎగిరేవాడు ఒకడు, అవతల జనం ఎదురుచూస్తున్నారని కారుమబ్బులోకి దూరేవాడు ఒకడు, తనవాళ్ళు డాబా ఎక్కి చెయ్యి ఊపుతున్నారని ఇంటిమీదికి దిగి మరీ చక్కర్లు కొట్టేవాడు ఒకడు, మోయలేని బరువు ఎక్కించుకుని బయలుదేరేవాడు ఇంకొకడు. వినడానికి ఇవన్నీ వేరువేరు కారణాలు. నన్నడిగితే అన్నిటికీ అడుగున ఉన్నది ఒకటే జబ్బు, దాని పేరు మొహమాటం. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని "వద్దు" అనలేకపోవడం. మా కోనసీమలో దీన్ని మర్యాద అని పిలిచి నెత్తిన పెట్టుకుంటారు.

మా బావగారు దూరపు పట్నంలో ఒక ఫ్లయింగు క్లబ్బులో శిక్షకుడు. అక్కను చేసుకున్న తరవాత నన్నూ వెంట తీసుకువెళ్ళి విమానం నేర్పింది ఆయనే. గాలిలో ఉన్నంతసేపూ మహా ఖచ్చితమైన మనిషి, విమానం నడిపే చక్రం మీద నా చెయ్యి కాస్త బిగిస్తే చాలు, స్కేలుతో వేళ్ళమీద ఒకటి అంటించేవారు. అదే మనిషి అత్తవారింట్లో విస్తరి ముందు కూర్చుంటే చాలు అనలేక, మా అమ్మ వడ్డించిందల్లా తిని, రాత్రంతా సోడా తాగుతూ పచార్లు చేసేవారు. నేలమీద ఆయనంత మెతక మనిషిని నేను చూడలేదు.

మలికిపురం దగ్గర మా ఊళ్ళో చర్చికి కొత్త గోపురం కట్టారు. ప్రతిష్ఠ నాడు అల్లుడుగారు విమానంలో వచ్చి గోపురం మీద పూలు చల్లాలని మా పెదనాన్నగారికి బుద్ధి పుట్టింది. నాన్న లేని ఇంటికి ఆయనే పెద్ద, ఆయన మాటకు తిరుగు లేదు. వరికి తెగులు పట్టిన ఏడాది మందు చల్లే విమానాలు దిగడానికి, లేవడానికి సముద్రంవైపు చౌటినేలలో చదును చేసిన మెరక ఇంకా మిగిలి ఉంది. బావగారు క్లబ్బువాళ్ళను అడిగి అనుమతి తెచ్చుకున్నారు. అక్క అప్పటికే పురిటికి పుట్టింటికి వచ్చేసింది కాబట్టి, విమానంలో బయలుదేరింది ఆయనా నేనూ మాత్రమే.

పొద్దున పూలు చల్లడం ఒక ప్రహసనం. బావగారు ఉండవలసిన ఎత్తులోనే ఉన్నారు, సముద్రపు గాలికి బంతిపూల రేకులన్నీ కొట్టుకుపోయి అవతల వరిచేలో పడ్డాయి. తలలెత్తి నిలబడ్డ జనమంతా ఉసూరుమన్నారు. దిగగానే పెదనాన్నగారు, "ఇంకోమారు కాస్త కిందనుంచి వెయ్యండి బాబుగారూ, గోపురానికి రాసుకుంటూ వెళ్ళాల" అని అడిగితే, బావగారు నవ్వుతూనే అయినా కుదరదని ఖండితంగా చెప్పారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఆ "కుదరదు" మధ్యాహ్నందాకా నిలబడి ఉంటే ఎంత బాగుండేది.

బ్యాండుమేళంతో ఊరేగింపు, ఆపైన భోజనాలు, భోజనాల తరవాత ఫొటోలు. మేం మళ్ళీ ఆ మెరక దగ్గరికి చేరేసరికి ఎండ నిప్పులు కక్కుతోంది. ఎండకు గాలి పలచబడుతుంది, పలచని గాలిలో విమానం బద్ధకంగా లేస్తుంది, చల్లటి పూట ఎత్తగలిగిన బరువు ఆ పూట ఎత్తలేదు. ఈ సంగతి బావగారే నాకు నేర్పారు. మేం వెళ్ళేసరికి విమానం పక్కన ఎడ్లబండి నిలబడి ఉంది. దాన్నిండా ఒలిచిన కొబ్బరికాయల బస్తాలు, అరటిగెలలు, అంబాజీపేటనుంచి తెప్పించిన కొబ్బరినూనె డబ్బాలు, నాలుగు రకాల పిండివంటలు. మేం కారు దిగేలోపే సగం సరుకు వెనకసీట్ల మీదికీ, వాటి వెనక సామాను పెట్టుకునే చోట్లోకీ ఎక్కించేశారు. బరువు ఎక్కువ కావడమే ప్రమాదం, అది తోకవైపు చేరడం అంతకు రెండింతల ప్రమాదం.

బస్తాలు దింపమని నేను అరిచాను. పెదనాన్నగారు నన్ను ఎగాదిగా చూసి, "ఏరా, విమానం నడపడం వచ్చేసరికి మాకు మర్యాద నేర్పేంతటివాడివి అయిపోయేవా? అల్లుడుగారిని ఒట్టి చేతుల్తో పంపితే ఊళ్ళో తలెత్తుకుంటామా?" అన్నారు. నేను బావగారి కేసి చూశాను. ఆయన ఆ బస్తాల కేసి చూశారు, మెరక చివర ఎత్తుగా ఉన్న కొబ్బరిచెట్ల కేసి చూశారు, చిన్నగా దగ్గారు. "ఉండనీవోయ్, పెద్దవాళ్ళు ముచ్చట పడుతున్నారు" అన్నారు. ఆయనకు తెలియక కాదు. తెలిసి ఆ మాట అన్నారని నాకు ఇవాళ్టికీ కోపం.

కోపంలోనే ఒక ఆలోచన వచ్చింది. బస్తాలు దింపనివ్వకపోతే నేనే దిగిపోతాను, నా బరువు తగ్గినా కొంత నయమే అనుకుని, పక్కసీట్లోంచి నా సంచి తీసేసుకుని, బస్సులో వస్తానని చెప్పి పక్కకు వచ్చి నిలబడ్డాను. ఆ తరవాత జరిగింది ప్రపంచంలో మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మా అమ్మ ఆ సీటు కేసి తొంగిచూసి, మొహం చాటంత చేసుకుని, "అయ్యో, ఇక్కడ బోల్డంత చోటుందండీ!" అంది.

ఇంట్లో మిగిలిపోయిందని అందరూ బాధపడుతున్న పనసకాయను ఎవరో ఎత్తుకొచ్చారు. దాని పక్కన ఆవకాయ జాడీ. జాడీ దొర్లిపోకుండా నేను కట్టుకోవలసిన బెల్టు దానికి కట్టారు. నేను బావగారి దగ్గరికి పరుగెత్తి దింపించెయ్యమని బతిమాలుతుండగానే, పాస్టరుగారు ప్రయాణం క్షేమంగా సాగాలని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో ఎవరు కదులుతారు? ఊరంతా కళ్ళు మూసుకుని తలలు వంచి ఉంటే, నేనొక్కణ్ణే కళ్ళు తెరుచుకుని ఆ జాడీ కేసి చూస్తూ నిలబడ్డాను. ఆమెన్ అనగానే బావగారు అందరికీ దండం పెట్టి ఎక్కేశారు.

విమానం మెరక పొడవునా పరుగెత్తింది. లేవవలసిన చోట లేవలేదు. చిట్టచివర ఎలాగో లేచింది గాని తోక కిందికి లాగేస్తుంటే ముక్కు అంతకంతకూ పైకి నిక్కింది. అలా నిక్కితే రెక్కకు గాలి పట్టు తప్పిపోతుంది. చెట్లమీద ఒక రెక్క వాలిపోయి, అవతలి వరిచేలో, పొద్దున పూలరేకులు పడిన ఆ చేలోనే పడింది. అంతసేపూ ఇంజను గట్టిగా మోగుతూనే ఉంది, నేలను తాకేదాకా మోగింది. అది నేను విన్నాను, ఊరంతా వింది. బండి పక్కన నిండు చూలాలు మా అక్క నిలబడి వింది.

బావగారిని ప్రభువు పిలుచుకున్నారని ఆ సాయంత్రమే అనడం మొదలుపెట్టారు. ప్రభువు పిలవలేదు, మనమే పంపించామని నేను గట్టిగా అన్నాను. ఆ మాటకు పెదనాన్నగారు నన్ను తన ఇంటి గడప దాటించి, మళ్ళీ చాలా ఏళ్ళు తొక్కనివ్వలేదు. విచారణకు వచ్చినవాళ్ళు పైలట్ పొరపాటు అని చెప్పి వెళ్ళారు. అల్లుణ్ణి అంత మాట అంటారా అని మావాళ్ళు నొచ్చుకుని, ఆయన పరువు కాపాడటానికో తమ పరువు కాపాడుకోవడానికో, నోరులేని ఇంజను మీద నేరం మోపారు. అప్పటినుంచీ మా వంశంలో ఇంజనే దోషి.

ఇంకొక సంగతి చెప్పి తీరాలి. ఆ మర్నాడు ఊళ్ళోవాళ్ళు చేలో చెల్లాచెదురుగా పడ్డ కొబ్బరికాయల్ని ఒక్కటి వదలకుండా ఏరి, బురద కడిగి, బస్తాలకెత్తి, మా ఇంటి అరుగుమీద దించి వెళ్ళారు. ఎవరి సొమ్ము వాళ్ళకు చేర్చడం మర్యాద కదా. అమ్మ తలుపు తీసి వాటిని చూసింది. తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ మా అమ్మ మా ఇంటినుంచి వెళ్ళే మనిషి చేతిలో నిమ్మకాయ కూడా పెట్టలేదు. కడుపునిండా భోజనం పెట్టేది, గుమ్మందాకా వచ్చేది, చేతులు కట్టుకుని నిలబడేది. పిసినారిదని ఊరంతా చాటున నవ్వుకుంది. ఆ నవ్విన ప్రతి మొహం మీదా నాకు ఇంకా కోపమే. మావాళ్ళలో నేను క్షమించగలిగిన మనిషి అమ్మ ఒక్కతే.

ఆ మెరక ఇప్పుడు రొయ్యల చెరువులైపోయింది. కొత్త అల్లుడి ముందు వంద గిన్నెలు పేర్చి ఫోన్లో వీడియోలు తీసుకుంటున్నారు, గోదావరి మర్యాద అని కింద రాసుకుంటున్నారు, ఆ గిన్నెల వెనక బిక్కమొహంతో కూర్చున్న కుర్రాణ్ణి చూస్తే నాకు బావగారే గుర్తుకొస్తారు. ఈ కాలంలో నాకు నచ్చినది ఒక్కటుంది. ఎయిర్‌పోర్టులో ఒక చిన్న పిల్ల పెట్టెను తూకం మీద పెట్టించి, ఎక్కువైంది, తీసెయ్యండి అంటుంది. పెద్దాయన అయినా అల్లుడైనా మారుమాట్లాడకుండా జాడీ తీసి పక్కన పెడతాడు, ఎవరి పరువూ పోదు. ఆ పిల్లను చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. ఆవేళ మా మెరక మీద అలాంటిది ఒక్కతి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

నిశ్చితార్థం అయ్యాక బయలుదేరదామని కారు దగ్గరికి వస్తే, డిక్కీ తెరిచి ఉంది. అన్నయ్య మనుషుల్ని పెట్టి కొబ్బరి బస్తాలు ఎక్కిస్తున్నాడు. వద్దన్నాను. వినలేదు. నేనే వంగి ఒక బస్తా కిందికి లాగాను. "ఇదేంట్రా, వియ్యాలవారు చూస్తున్నారు, ఈ వయసులో కూడా ఆ మొండితనం ఏంటి?" అంటూ అన్నయ్య రెండో కొస పట్టుకుని మళ్ళీ పైకి తోశాడు. ఇద్దరు ముసలివాళ్ళం ఒక బస్తాకోసం పెనుగులాడుతుంటే జనం చేరి నవ్వుతున్నారు.

అరుగుమీద కుర్చీలో మా అక్క కూర్చుని ఉంది. ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంజను కథను ఎవరు ఎన్నిసార్లు చెప్పినా విని ఊరుకునేది, నమ్మిందనే అనుకున్నాను.

"దింపుకోనియ్యండర్రా వాణ్ణి" అంది అక్క. "ఆవేళ వాడు మొత్తుకుంటే ఒక్కరూ వినలేదు. ఇప్పుడైనా వినండి."

అన్నయ్య చేతులు బస్తా వదిలేశాయి. నేను అన్నీ దింపి, అరుగు పక్కన వరసగా పెట్టి, ఖాళీ డిక్కీ మూశాను. అక్క అరుగు దిగి వీధి గుమ్మందాకా వచ్చి, అచ్చం అమ్మలాగే చేతులు కట్టుకుని నిలబడింది.