జమైకా రాజ్మాలో మా తాలికలు

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో సింగపూర్‌లో కొన్నాళ్లు పనిచేశాను. బుకిట్ బటోక్ అనే పేటలోని ఫ్లాట్‌లో నాతోపాటు జమైకా అమ్మాయి మార్సియా ఉండేది. నేను మాంసం తినను, పాలు పడవు. అందుకని ఒక ఆదివారం వాళ్ల రాజ్మా కూరను మాంసం లేకుండా, కొబ్బరిపాలతో వండింది.

“ఇలా ఎప్పుడూ చేయలేదు. కుదరకపోతే తిట్టొద్దు లా!” అంది, సింగపూర్ వాళ్లలాగే చివర “లా” తగిలించి.

కూర ఉడుకుతుంటే మైదాపిండి ముద్ద కొంచెం తుంచి, అరచేతుల మధ్య వత్తిలా పేని అందులో వేసింది. అచ్చం మా అమ్మ పాలతాలికలు చేసినట్టే!

“వీటిని మేం బెల్లంతో వండుతాం,” అన్నాను.

“తీపిగానా?” అని విస్తుపోయి, మిగిలిన పిండి నా చేతిలో పెట్టింది.

తినేటప్పుడు మార్సియా రెండోసారి వడ్డించుకుంది. ఇంతలో తన ఫోన్ మోగింది.

“మా అమ్మ! నీతోనూ మాట్లాడుతుంది. మాంసం లేకుండానే బాగుందని మాత్రం చెప్పకు,” అంది.