శుక్రవారపు పొగ

సింగపూర్‌లోని మా బెడోక్ పేట చరిత్ర ఎవరైనా రాస్తే చాముండేశ్వరిగారి ముక్కుకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. అడవి మంటల పొగపై పరిశోధన చేసే ఆవిడ రోజూ కాఫీకన్నా ముందే కిటికీలోంచి గాలిని వాసన చూస్తారు. ఆ శుక్రవారం జలుబు చేసి ముక్కు మొరాయించింది. హాల్లో పెట్టుకున్న పొగ కొలిచే యంత్రంలో మాత్రం అంకె చివ్వున పెరిగింది.

“పోయిన శుక్రవారమూ ఇంతే! సముద్రం అవతల వారంవారం అడవులు తగలబెట్టి మన ఊపిరితిత్తుల మీదకు తోలుతున్నారు. సిగ్గుండక్కర్లా? నిఖిలా, ఇవాళ ఈత పోటీ లేదు, గీత పోటీ లేదు!”

“స్కై ఈజ్ క్లియర్, లా! ఇవాళ ఫైనల్స్ మమ్మీ!” అని కూతురు సింగపూర్ యాసలో అంటూ ఏడుపు ముఖం పెట్టింది.

“ఆకాశానికేం తెలుసే? యంత్రం అబద్ధమాడదు.”

నిజమే, ఆడలేదు. యంత్రం పక్కనే ఉన్న పూజగదిలో ఆవిడ భర్త గంగాధర్ సాంబ్రాణి వేస్తున్నారు.