నేల మీద ఉండిపోయిన పన్నెండు రేకులు

పోయినవి ముందు రాస్తాను. అట్టముక్కంత మందం ఉన్న ప్లాస్టిక్ రేకులు పన్నెండు. అవి మా ఇంట్లో ఉన్న ఏడు నెలలు. మైక్రోస్కోపు మీద నేను వంగి కూర్చున్న నూట తొంభై ఆరు గంటలు. ఒక లెక్చరర్ గారి డాక్టరేటు. ఆయన నా మీద పెట్టుకున్న నమ్మకానికి కొలత తెలియదు కాబట్టి దాన్ని ఈ జాబితాలో వెయ్యలేదు.

తొంభైల చివర పాలకొల్లు దగ్గర కాలవ లాకుల మీద నీటిమట్టం రాసే పని నాది. పదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. మా పక్కవాటాలో అద్దెకున్న ఫిజిక్స్ లెక్చరర్ గారు ఒకసారి నా గేజి పుస్తకం తిరగేసి, ఒక్క కొట్టివేత కూడా లేదని మెచ్చుకుని, తన పరిశోధనకు సాయం చెయ్యమని అడిగారు.

ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణం ఆ ప్లాస్టిక్‌లోంచి దూసుకుపోతే కంటికి కనపడని గాయం మిగులుతుంది. వేడి కాస్టిక్ సోడాలో నానబెడితే ఆ గాయం గుంటగా తెరుచుకుంటుంది. ఆ గుంటలు లెక్కపెట్టాలి. ఒకే అచ్చులో పోసిన ఇరవై నాలుగు రేకుల్లో సగం ఓ విదేశీ నౌకలో అంతరిక్షంలోకి వెళ్లాయి. మిగతా సగం నేల మీద ఊరికే ఉండాలి. నేల మీద పడే గుంటల అంకెను పైనుంచి వచ్చిన అంకెలోంచి తీసేస్తేనే ఆకాశం లెక్క మిగులుతుంది. కాలేజీ ల్యాబు కప్పు కారుతోందని ఆ నేల రేకులను గాలి చొరకుండా అంటించిన కవరులో పెట్టి నాకు అప్పగించారు.

"కవరు విప్పకండి. అంతేనండి," అన్నారు.

ఆషాఢంలో కవరు లోపల చెమ్మ కనిపించింది. మా వైపు ఆ రోజుల్లో ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్ల వెలగదు. రేకులకు బూజు పడుతుందని భయం వేసింది. మా అమ్మ విత్తనాలు దాచే పద్ధతి తోచింది. సముద్రం ఒడ్డు నుంచి తెచ్చిన నల్ల ఇసుకను ఎండబెట్టి జాడీలో పోసి, గింజల మూట అందులో పాతేది. ఏడాది తిరిగినా అవి మొలకెత్తేవి. నేను కవరు విప్పి, రేకులను పల్చటి గుడ్డలో చుట్టి ఆ ఇసుకలో పెట్టాను.

పైకి వెళ్లిన రేకులు తిరిగొచ్చాయి. మా వసారాలో పెట్టుకున్న మైక్రోస్కోపులో ఒక్కో గడికి సగటున ఇరవై రెండు గుంటలు. తరవాత నేల రేకులు నానబెట్టాం. ఏడో ఎనిమిదో ఉంటాయని ఆయన అంచనా. మొదటి గడిలో నలభై వచ్చాయి. తప్పనుకుని మళ్లీ లెక్కపెట్టాను. నలభై. రెండో రేకులో నలభై నాలుగు. జాడీ అడుగున ఉన్న రేకులో యాభై ఎనిమిది. ఆకాశంలో తిరిగొచ్చినవాటికన్నా మా ఇంట్లో ఉన్నవాటికే ఎక్కువ గాయాలు.

"వీటిని ఎక్కడ పెట్టారండి?" అన్నారాయన మెల్లగా.

వంటింట్లోంచి అమ్మ జవాబు చెప్పింది. "ఎక్కడ పెడతాడు బాబూ, నా జాడీలోనే. నా బీర గింజల్ని గెంటేసి మరీ పెట్టాడు. వీడి జాగర్త వల్ల ఈ యేడు నాకు పాదే లేదు."

ఆయన జాడీలోంచి గుప్పెడు ఇసుక తీసి చూశారు. మన తీరంలో కొన్నిచోట్ల ఈ నల్ల ఇసుకే కిరణాలు వదులుతుందనీ, దాన్నుంచి వచ్చే వాయువు గుడ్డను దాటి రేకును చేరుతుందనీ, దాన్ని ఆపడానికే ఆ కవరు ఉన్నదనీ చెప్పారు.

"జాడీ ఎక్కడుండేదండి?"

"నా మంచం కింద," అంది అమ్మ.

"ఈ ఇసుక ఇంకెక్కడన్నా ఉందా అండీ?"

"అరుగు కింద మూడు బళ్లు పోయించారు వీళ్ల నాన్న."

ఆయన ఇసుకను జాడీలో వదిలేసి చెయ్యి తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు.

అదే అచ్చులో పోసిన రేకులు ఇంకెక్కడా లేవు. నేల అంకె పంపమని, రేకులను పైకి పంపిన ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది. వారం తరవాత ఆయన లాకుల దగ్గరికి వచ్చారు.

"ఏడున్నర వేసేద్దామండి. పుస్తకాల్లో అటూ ఇటూగా అంతే ఉంటుంది. మీ చేతిరాతలో ఉంటే ఎవరూ అడగరు."

"అడగరండి."

"మరేంటి?"

"నేను లెక్కపెట్టలేదు కదండీ."

"పాడుచేసింది మీరే కదండీ."

"అవునండి."

ఆయన కాలవ గట్టు దిగి వెళ్లారు. మరుసటి ఏడు బదిలీ మీద వెళ్లిపోయారు. సిద్ధాంత గ్రంథం సమర్పించలేదని తరవాత విన్నాను.

నా నోటుపుస్తకంలో 'పైన' అన్న మాటకు ఎదురుగా ఇరవై రెండు అని ఉంది. 'నేల' అన్నచోట ఏమీ లేదు. ఆరో, ఏడున్నరో, తొమ్మిదో. ఆ ఒక్క అంకె ఆయనకు నేను ఇవ్వాలి. ఇప్పటికీ ఇవ్వలేదు.