రేగొండలో కలిపిన ఒడిబియ్యం

శ్రావణమాసం, బుధవారం. ఉదయం ఐదూ నలభైకి జనగామలో మా ఇంటి ముందు కారెక్కినవారు: నేను, నా భార్య, ఆమె అక్క, కిరాయి కారు డ్రైవరు. మా వదిన ముందురోజే మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చింది. కారులో పెట్టిన సామాను: అమ్మాయికి పట్టుచీర, అల్లుడికి పంచెలు, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, ఒడిబియ్యం పోసిన స్టీలు డబ్బా.

భూపాలపల్లిలో మా అమ్మాయి, అల్లుడు కొత్త ఇల్లు కట్టుకున్నారు. గురువారం ఉదయం పదీ ఇరవైకి గృహప్రవేశం. పాలు పొంగించాక వ్రతం. వ్రతానికి ముందు పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. అమ్మాయి నెల ముందే ఫోన్లో చెప్పింది.

"అమ్మ చేతుల బియ్యం ఒడిల పడనిదే నేను పీటల మీద కూసోను బాపూ. వ్రతం చేపిచ్చే అయ్యగారు ఎంత తొందర పెట్టినా సరే."

పెళ్ళయినప్పటి నుంచి ఆమె మమ్మల్ని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. అందుకే ఏ చిన్న పొరపాటూ జరగకూడదని ఒక రోజు ముందే బయలుదేరదీశాను.

నేను బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన బస్సు, పోయిన బస్సు నిమిషాలతో సహా రాయడమే నా ఉద్యోగం. ఆ చెయ్యి ఇంకా ఊరుకోదు. ఈ ప్రయాణానికీ ఒక కాగితం రాశాను. హనుమకొండలో టిఫిను ఎప్పుడు, పరకాల దాటేది ఎప్పుడు, భూపాలపల్లి చేరేది ఎప్పుడు, అన్నీ అందులో ఉన్నాయి. అక్కడితో ఆగితే బాగుండేది. భూపాలపల్లిలో అరగంట కలిసొస్తుందని, అక్కడ ముత్తయిదువలు కలపాల్సిన బియ్యాన్ని మంగళవారమే ఇంట్లో నేనే కలిపేశాను. నా భార్య గుడికి పోయిన సమయం చూసి చేసిన పని అది. నేయి వేస్తే పసుపు అన్ని గింజలకూ సమంగా పట్టలేదు. నీళ్ళు చిలకరించాను. అప్పుడు ఒకే రంగుకు వచ్చాయి. డబ్బాలో పోసి, మూత బిగించి, చుట్టూ టేపు కూడా వేశాను.

ఆమె వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఒడిబియ్యం మగోడు కల్పుడేందయ్యా?"

"పని అయిపోయింది కదా."

"నువ్వు జేస్తే అన్నీ అయిపోతయి. ఎట్లయినయో గది మాత్రం అడుగొద్దు."

పరకాల దాకా కాగితం ప్రకారమే నడిచింది. అక్కడ వాన మొదలైంది. రేగొండ దాటి కొంత దూరం పోయాక లారీల వరుస కనిపించింది. వాగు రోడ్డెక్కింది. పోలీసులు అడ్డంగా తాడు కట్టారు. ములుగు మీదుగా పోదామని డ్రైవరుతో అంటే, అతను నాలుగు ఫోన్లు చేసి, "అటుదిక్కు కూడా బందే సార్" అన్నాడు.

నాకు కాలు నిలవలేదు. గొడుగు వేసుకుని నీళ్ళ అంచుదాకా పోయి ఒక పుల్ల గుచ్చి వచ్చాను. పావుగంటకోసారి వెళ్ళి నీళ్ళు పుల్లకు ఇటున్నాయా అటున్నాయా చూసి, కాగితం వెనక రాసుకుంటున్నాను. మూడోసారి పోయేసరికి పుల్లే లేదు. కారులోంచి మా వదిన తల బయటపెట్టింది.

"ఓ మరిదీ, నువ్వు రాసుకుంటె వాగు సిగ్గుపడి దిగుతదా?"

డ్రైవరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. తాడు దగ్గరున్న పోలీసాయన మాత్రం నవ్వకుండానే చెప్పాడు. "పెద్దసారూ, ఇయ్యాల ఆశ పెట్టుకోకుండ్రి. వాన ఆగితే రేపు చూద్దం."

వెనక్కి తిప్పుకుని రేగొండకు వచ్చాం. రోడ్డు పక్కన ఒక కిరాణా దుకాణం ముందు కారు ఆపి చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాను. దుకాణంలో కూర్చున్న ఆమెది మా ఈడే. కారులోకి తొంగిచూసి ఆడవాళ్ళను చూసింది.

"చాయ్ సంగతి తర్వాత అన్నా. కార్ల ఎంతసేపు కూసుంటరు? లోపటికి రాండ్రి."

దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. చాయ్ తాగుతుండగా నా భార్య సంగతంతా చెప్పింది. ఆ దుకాణపు ఆమె మొత్తం విని, "బియ్యం ఏవి? జర చూపెట్టుండ్రి" అంది.

డబ్బా తెచ్చి టేపు నేనే ఊడదీశాను. మూత తెరవగానే పులిసిన వాసన గుప్పుమంది. తడి బియ్యం, ఉక్కపోత కారు. గింజలు ఉండలు కట్టి ఉన్నాయి. ఆ బిడ్డ అడిగింది ఒకటే, దాన్ని నా చేత్తోనే చెడగొట్టాను. తల దించుకున్నాను.

"ఎవలు కలిపిండ్రు?" అని అడిగింది ఆమె.

"మా మరిదే," అంది వదిన. "బస్సులను పంపినట్టే బియ్యాన్ని గూడ టైముకు పంపిండు."

ముందుగా నవ్వింది నా భార్యే. తర్వాత అందరూ. ఆ ఇంటామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "అన్నా, ఊపిరాడక సచ్చినయి గదనే బియ్యం!" అని డబ్బా తీసుకుపోయి పెరట్లో కోళ్ళకు గుమ్మరించింది. వస్తూ వస్తూ చేటలో తమ బియ్యం పోసుకొచ్చింది.

నా భార్య సంకోచించింది. "గట్ల కాదక్కా, పుట్టింటి బియ్యం ఉండాలె కదా."

"నన్ను అక్క అంటివి. మరి నీ బిడ్డకు నేనేమైత?"

"పెద్దమ్మవైతవు."

"పెద్దమ్మ ఇల్లు పుట్టిల్లు గాదా?"

నా భార్య నవ్వి చేట అందుకుంది. అయితే ఇప్పుడే కలిపేస్తే మంచిదేమో అని నేనన్నాను. ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే నావైపు చూశారు. "రాత్రికి ఈడనే ఉండుండ్రి. పొద్దుగాల కలుపుకుందం," అంది ఇంటామె. "రేపు కూడా వాగు దిగకపోతే?" అన్నాను. "ఎల్లుండి కలుపుకుందం. బియ్యం ఏడికి పోతయన్నా?"

అమ్మాయికి ఫోన్ చేశాను. దాచకుండా అన్నీ చెప్పాను.

"పరేషాన్ కాకు బాపూ. పాలు ముహూర్తానికి పొంగిస్తం. పీటల మీద మాత్రం మీరొచ్చినంకనే."

"అయ్యగారు ఊకుంటడా?"

"రెండు కప్పుల చాయ్ ఎక్కువ పోస్త, ఊకుంటడు."

ఇక నేను చేయాల్సింది ఏమీ లేదు. అంత ఖాళీగా ఎప్పుడున్నానో గుర్తు లేదు. ఇంటామె నా ముందు గోరుచిక్కుడు కాయల పళ్ళెం పెట్టింది. అరుగు మీద కూర్చుని ఈనెలు తీస్తూ తుంచుతున్నాను. రేకుల మీద వాన. ఉద్యోగంలో ఉన్నప్పుడు వానకు ఆగిపోయిన బస్సుల ఆలస్యాన్ని ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. నేను రాస్తున్నందువల్లే అవి నడుస్తున్నాయన్నట్టు ఉండేది నా ధోరణి. నిజానికి డ్రైవర్లు నడిపారు, వాగులు ఆపాయి. నేను చూసి రాసుకున్నాను, అంతే. ఇది తట్టగానే బాధ కలగలేదు. మెడ మీది బరువు ఎవరో దించినట్టనిపించింది. కాయలన్నీ ఒకే సైజులో తుంచుతున్నానని గమనించి, కొన్ని కావాలని పొడుగ్గా తుంచాను. ఆ మధ్యాహ్నం వాళ్ళ మంచం మీద బాగా నిద్రపోయాను. గురక దుకాణం దాకా వినిపించిందని వదిన చెప్పింది.

మరునాడు ఉదయం ఆకాశం తేటగా ఉంది. నేయి వేసి, పసుపు వేసి, పొరుగింటామెను కూడా పిలుచుకుని నలుగురూ బియ్యం కలిపారు. నన్ను ఆ దరిదాపులకు రానివ్వలేదు. తాడు విప్పారని డ్రైవరు కబురు తెచ్చాడు. మేము బయలుదేరుతుంటే ఇంటామె దుకాణం భర్తకు అప్పజెప్పి, కొత్త చీర కట్టుకుని వచ్చి కారులో కూర్చుంది.

"పెద్దమ్మనని ఒప్పుకున్నంక ఇంట్ల కూసుంటనా?"

వాగు దాటడానికి లారీల వెనక వరుసలో ఉండగానే పదీ ఇరవై అయింది. నా భార్య ఫోన్ స్పీకర్లో పెట్టింది. అటు ఆడవాళ్ళ కేకలు, "పొంగినయి, పొంగినయి" అని అమ్మాయి గొంతు. కారులో అందరం చప్పట్లు కొట్టాం. డ్రైవరు హారన్ కొట్టాడు. ముందున్న లారీ అతను తిట్టాడు.

మేము చేరేసరికి ముహూర్తం ఎప్పుడో దాటింది. అయ్యగారు చాయ్ తాగుతున్నాడు. అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. లోపల కూర్చోబెట్టి నా భార్య ఆమె ఒడిలో బియ్యం పోసింది, తర్వాత వదిన, తర్వాత రేగొండ ఆమె. "గీ పెద్దమ్మ ఎవలే అమ్మా?" అని అడిగి, జవాబు వినకముందే అమ్మాయి ఆమె కాళ్ళకు మొక్కింది. ఒడి కట్టుకుని గడప ఐదుసార్లు దాటాలి. మూడోసారికే ఆగి ఊపిరి పీల్చుకుంది.

"ఎన్ని పోసిండ్రే అమ్మా, గింత బరువున్నయి?"

"నేనేం కొలువలే బిడ్డా," అంది రేగొండ ఆమె. "చేతికొచ్చినన్ని పోసిన."

అమ్మాయి నవ్వుతూ కొంగును రెండు చేతులా పట్టుకుని నాలుగోసారి గడప దాటింది.