ఫోటో చూసి చంపేసిన మొగుడు

మా గుంటూరులో ఈమధ్య కథలు గోడ మీద పుడుతున్నాయి. గోడకి తెల్లగుడ్డ కడతారు, ప్రొజెక్టరు వేస్తారు, దాని మీద ఒక ఫోటో పడుతుంది. "ఈ ఫోటో మీలో ఏం కదిలించిందో రాయండి" అని మైకులో చెబుతారు. నాకు యాభై రెండేళ్లొచ్చాయి. ఇంతవరకూ నన్ను కదిలించిన ఫోటో ఒక్కటే, నా ఆధార్ కార్డు మీదిది. అది చూసి రెండు రోజులు అన్నం తినలేదు. మిగతా ఫోటోలన్నీ నన్ను కూర్చున్నచోటే కూర్చోనిచ్చాయి.

అయినా పోయిన చలికాలం అలాంటి సభకి వెళ్లాను. మా సాహిత్య సంఘం వాళ్లే పెట్టారు, ఒక కల్యాణ మండపం మేడ మీద. కింద ఎవరిదో నిశ్చితార్థం జరుగుతోంది. పులిహోర వాసన మెట్లెక్కి వస్తుంటే పైన నలభైమంది రచయితలు ఆకలిని ఆవేదన అనుకుంటూ కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు రిటైరైన లెక్చరరు. ఆయన ప్రసంగం మొదలెడితే పావుగంటకి మైకు తనంతట తనే ఆగిపోతుంది. మా సంఘంలో ఆత్మాభిమానం ఉన్నది ఆ మైకుకొక్కదానికే.

ఫోటోలు తీసేది ఒక పళ్ల డాక్టరు. ఆయన లెన్సు బోరు గొట్టమంత ఉంటుంది. దాంతో చూస్తే దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ మీద వాలిన కాకి ముక్కులో మెతుకు కనబడుతుందని ఆయనే చెప్పుకుంటాడు. ఆదివారం వచ్చిందంటే టోపీ పెట్టుకుని మిరప తోటల మీద పడతాడు. వారమంతా పళ్లు పీకే మనిషికి సెలవురోజు కూడా ఎవరో ఒకరు బాధపడుతూ కనబడకపోతే పొద్దుపోదు కాబోలు.

ఆరోజు గోడ మీద పడిన ఫోటో ఆయన కిందటేడు కోతల్లో తీసిందే. చుట్టూ ఎర్రగా కాయ ఆరబోసిన కళ్లం. మధ్యలో ఒక ఆడమనిషి. చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా. చేతులు వేళ్లదాకా వేలాడుతున్నాయి కాబట్టి గాజులు కనబడవు. తలగుడ్డ కనుబొమల దాకా లాగి కట్టింది కాబట్టి బొట్టు కనబడదు. కళ్లు ఎర్రబారాయి. చెంపల మీద నీళ్లు.

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. ఆ గాలికి ఏసీ సిగ్గుపడింది. గంట టైమిచ్చారు. ఆ గంటలో ఆవిడ మొగుణ్ణి నలభై రకాలుగా చంపారు. ఒకాయన పిడుగు వేశాడు. ఒకావిడ లారీ ఎక్కించింది. ఒక కవిగారు ఏ కారణమూ లేకుండా, కేవలం సాయంత్రం అయిందని చంపేశాడు. తుళ్లూరు నుంచి వచ్చినాయన రాజధానికిచ్చిన పొలం తల్చుకుని గుండె ఆగేలా చేశాడు. ఆయనకి ఏనుగు ఫోటో చూపించినా రాజధానికిచ్చిన పొలమే కనబడుతుంది.

వాళ్లని అని లాభం లేదు. వాళ్లు మిరపకాయని బజ్జీలో తప్ప చూడనివాళ్లు. నేను అలా కాదు. ప్రత్తిపాడు పక్క పల్లెలో పుట్టాను. మా అమ్మ కోతలకి మా నాన్న చొక్కా తొడుక్కునే వెళ్లేది. కాయ ఘాటుకి చేతులు మండకుండా మా వైపు ఆడవాళ్లందరూ చేసే పనే అది. కోతల రోజుల్లో మా వీధి మగవాళ్లంతా బనీన్లతో అరుగుల మీద కూర్చుంటే, కొత్తగా ఊళ్లోకొచ్చినవాళ్లు కుస్తీ పోటీలనుకునేవాళ్లు. అంటే చేలో ఆడమనిషి ఒంటిమీద మగచొక్కా ఉందంటే, ఇంటి దగ్గర చొక్కా లేని మొగుడు నిక్షేపంగా ఉన్నట్టే లెక్క. ఇక కన్నీళ్లంటారా, మిరప కళ్లంలో పది నిమిషాలు నిలబడితే తాసిల్దారైనా ఏడుస్తాడు.

ఇంత తెలిసినవాణ్ణి ఏం రాశాను?

"భర్త పోయి తొమ్మిది రోజులైంది. ఆయన చెమట వాసన ఇంకా వదలని చొక్కా తొడుక్కుని ఆమె కళ్లంలోకి దిగింది."

ఇదీ నా మొదటి పేరా. కథ పేరు 'ఎర్ర వైధవ్యం'. పాము చేత కరిపించాను. నేటివిటీ ఉండాలంటారని 'ప్రత్తిపాడు దగ్గర పల్లె' అని ఊరి జాడ కూడా చేర్చాను. బతికున్న మొగుడి మీద రాస్తే ఆ సంఘంలో ఎవడూ శాలువా కప్పడని నాకు తెలుసు. అనుకున్నట్టే మొదటి బహుమతి వచ్చింది. శాలువా ఎంత పలచనిదంటే, కప్పుకున్నాక కూడా నా చొక్కా గుండీలు బయటివాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

పగలు నేను చేసేది దస్తావేజులు రాసే పని. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో నాకో బల్ల ఉంది. అక్కడ బతికున్నవాణ్ణి పోయాడని రాస్తే జైల్లో వేస్తారు. సాహిత్యంలో ఆ భయం లేదనుకున్నాను.

నెల తిరక్కుండానే సంఘం పత్రికలో కథ వేశారు, పైన ఆ ఫోటోతో సహా. మా పత్రికని చదివేవాళ్లు అందులో రాసేవాళ్లే, అదీ తమ పేజీ వరకే. కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. కానీ ఎవరో పుణ్యాత్ముడు మొదటి పేజీని ఫోన్లో తీసి వాట్సాప్‌లోకి వదిలాడు. అంచులు తెగిపోయి, 'కథ' అన్న మాట పోయింది, నా పేరు మిగిలింది. ఆవిడ మొహం, ఊరి జాడ, మొగుడు పోయి తొమ్మిది రోజులన్న ముక్క కూడా మిగిలాయి.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం నా బల్ల ముందు ఆటో ఆగింది. అందులోంచి ఫోటో దిగింది. నుదుట అర్ధరూపాయంత బొట్టు, చేతులనిండా గాజులు. వెనకాల సన్నగా, నవ్వుమొహంతో ఒక మగమనిషి.

"ఏమయ్యా, నా మొగుణ్ణి చంపింది నువ్వేనా?"

షెడ్డులో పదిమంది లేఖరుల పెన్నులు ఆగిపోయాయి. సాక్షి సంతకానికొచ్చిన ఇద్దరు చెప్పులు వదిలేసి పరిగెత్తారు.

"అది కథమ్మా" అన్నాను.

"ఏం కథ? ఊరు రాశావ్, నా మొహం ఏశావ్. ఈయన మొహం మాత్రం ఏయకుండానే చంపావ్!"

ఆయన ముందుకొచ్చాడు. "పాము కరిచి పోయానంటగా. ఏ పామండీ?"

"అది... రాయలేదండీ."

"కనీసం ఏ పామో కూడా చెప్పకుండానే పంపించారా!" అని బాగా నొచ్చుకున్నాడు.

"నువ్వాగు" అని ఆవిడ బల్ల మీద చెయ్యి వేసి అసలు సంగతి చెప్పింది. ఆవిడ ముప్పైమంది ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. ఊళ్లో పెద్ద రైతు ఒకాయన తన ఆరెకరాల మిరప తొలికోత ఏటా వీళ్లకే ఇస్తాడు. ఈ ఏడు ఆయన ఫోన్లోకి నా పేజీ వచ్చింది. చావింట్లో మైల, దినాలయ్యేదాకా ఆవిడ రాకూడదు, పండిన కాయ ఆగదు అనుకుని పక్కూరి మేస్త్రికి మాట ఇచ్చేశాడు. తెల్లారితే కోత.

"ఆ చేను పోతే నా ఎనకున్నోళ్లు ఇంకో మేస్త్రి ఎనక పోతారు. తొలికోతకి పోయినోళ్లు మళ్లీ తిరిగి రారయ్యా. పదేళ్లు పట్టింది నాకు ఈ ముఠా కట్టడానికి."

"మీ ఆయన్ని తీసుకెళ్లి చూపించకపోయారా?"

"చూపించకుండా ఉంటానా? టీ కూడా తాగించాడు. 'బతికున్నాడు, సంతోషమే. కానీ మాట ఇచ్చేశా గదమ్మా' అన్నాడు. రాసినోడొచ్చి అబద్ధమని అందరి ముందూ చెబితే, తప్పుడు కబురు నమ్మి మాటిచ్చాను, వదిలెయ్యండని పక్కూరోళ్లని అడుగుతాడంట. పొద్దున్నే ఆటో పంపిస్తా. రాకపోయావో, ముప్పైమందిమీ ఇక్కడికొస్తాం."

ముందు మర్యాదగల దారి ఉందేమో చూద్దామని అధ్యక్షుడికి ఫోన్ చేశాను. పత్రిక తరఫున ఒక సవరణ రాసిస్తే పట్టుకెళ్తానన్నాను. "సవరణ వేస్తే కథలో ఆర్తి పోతుందండీ. ఆవిడ భర్త బతికుండటం ఆవిడ వ్యక్తిగత విషయం" అన్నాడాయన. పళ్ల డాక్టరుకి చేస్తే, "అలాగా! ఆవిణ్ణి అదే చొక్కాతో ఇంకోసారి రమ్మనండి, ఈసారి పక్కనుంచి తీద్దాం" అన్నాడు. వీళ్ల మధ్య పన్నెండేళ్లుగా కూర్చుని నేను సాహిత్యసేవ చేస్తున్నాను.

తెల్లారి ఆరింటికి చేలో ఉన్నాను. ఆటోలో తొమ్మిదిమంది మధ్య కూర్చున్నందువల్ల నా పక్కటెముకలు స్థానాలు మార్చుకున్నాయి. గట్టు మీద రైతు, చేను మొదట్లో పక్కూరి మేస్త్రి, ఆవిడ వెనక చొక్కాలు తొడుక్కుంటున్న ఆడవాళ్లు. ఇటు మా మేస్త్రి, ఆవిడ ముప్పైమంది, చొక్కా లేకుండా బనీనుతో నిలబడ్డ నా మృతుడు.

"ఈయనేనా రాసింది?" అన్నాడు రైతు.

"నేనేనండీ. అబద్ధం రాశాను" అన్నాను.

పక్కూరి మేస్త్రి నడుం మీద చేతులేసుకుంది. "అసలేం రాశాడో చదవమనండి పెద్దాయనా. ఇని చెబుతా."

జేబులో ఉన్న పత్రిక తీసి చదివాను. మా సంఘంలో ఇదే కథ చదివినప్పుడు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు, ఐదుగురు నిద్రపోయారు. ఇక్కడ అరవైమంది కళ్లార్పకుండా విన్నారు. 'చెమట వాసన ఇంకా వదలని చొక్కా' దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆ ఒక్క ముక్కా నిజమేలే. ఎంత ఉతికినా వదల్దు" అంది మా మేస్త్రి.

"అది కాదే" అని ఒక ముసలామె అడ్డొచ్చింది. "తొమ్మిదో రోజున కళ్లంలోకి ఎవరు రానిచ్చారయ్యా ఆమెని? గడప దాటనిస్తారా? ఏ ఊళ్లో పుట్టావ్ నువ్వు?"

పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను పుట్టిన ఊరు అక్కడికి మూడు మైళ్లు.

పక్కూరి మేస్త్రి రైతు వైపు తిరిగింది. "మైలని ఈమెని పిలవలేదన్నారు. ఆ బొమ్మలో ఈమె కళ్లంలోనే ఉందిగా. మీరెట్టా నమ్మారు?"

రైతు తలపాగా సర్దుకున్నాడు. "అచ్చులో ఉందిగా మరి" అన్నాడు చిన్నగా.

ఆవిడ నవ్వడం మొదలెట్టి గట్టు మీద కూలబడింది. "రాసేదాయనా, నాక్కూడా ఓ మొగుడున్నాడు. ఆణ్ణీ చంపి పెట్టండి. పాము ఏదైనా పర్లేదు." అరవైమంది ఒక్కసారి నవ్వితే పక్క పత్తిచేలో కొంగలు లేచిపోయాయి. చచ్చిపోయినాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

నవ్వు ఆగాక ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని మా మేస్త్రితో అంది: "మా వాళ్లు కూడా మాట నమ్ముకుని వచ్చారు, ఉట్టి చేతుల్తో పంపలేను. చెరి సగం కోద్దాం. రేపెవడో గొట్టం పట్టుకొచ్చి నన్నూ తీస్తాడు. అప్పుడు నువ్వూ ఇట్టాగే సగం ఇవ్వాలి."

మా మేస్త్రి వెనక్కి తిరిగి తన ముప్పైమంది మొహాలూ చూసింది. ఒక్కొక్కరే చొక్కాలు తీసి తొడుక్కోవడం మొదలెట్టారు. "సరే" అంది.

ఇక చేను పంచాలి. సాళ్లు లెక్కపెట్టి సగం దగ్గర కర్ర పాతాలి. ఏ ముఠా లెక్కపెట్టినా రెండో ముఠా ఒప్పుకోదు. కాబట్టి ఎవరికీ చెందనివాణ్ణని నన్ను పంపారు. మంచులో తడిసిన మిరప మొక్కల పక్కన ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, వేళ్లు మడిచి, పెదాలు కదుపుతూ, నా జన్మలో ఏ వాక్యం మీదా పెట్టనంత శ్రద్ధ పెట్టి లెక్కపెట్టాను. నూట ఎనభై నాలుగు. వెనక్కి వచ్చి తొంభై రెండో సాలు పక్కన కర్ర పాతి, చేతులు దులుపుకుని నిలబడ్డాను.

మా మేస్త్రి కర్రని చూసింది. నన్ను చూసింది. తర్వాత తన ముఠాలో ఒకామెని కేకేసింది.

"ఒసే, నువ్ పోయి ఇంకోసారి లెక్కెట్టిరా. ఈయన కథలు రాస్తాడు."

పక్కూరి మేస్త్రి కూడా సరేనని తలూపి, తనవాళ్లలో ఒకామెని తోడు పంపింది.